ఆ లైటు మళ్ళీ వెలగాలి

అద్దంకి బస్టాండు అవతల హుస్సేన్ సాహెబ్ మెకానిక్ షెడ్డు. ఆదివారం పొద్దున. కడిగించడానికని నిన్నే తెచ్చి షెడ్డులో పెట్టిన తన పాత కారు చుట్టూ లక్ష్మీకాంత్ తిరిగాడు, తిరిగాడు, చివరికి అడగలేక అడగలేక అడిగాడు. మిరప, పత్తి వేసే రైతు, పదిమందిలో గొంతెత్తి మాట్లాడే మనిషి, ఇవాళ మాత్రం సాహెబ్ మొహంలోకి చూడడం లేదు.

"వెలగడమేందండీ?"

"వెలగడమంటే వెలగడమే సాహెబూ. ఆ ఎర్రలైటు. నువ్వు ఆర్పావు చూడు, అది. మళ్ళీ వెలిగించు."

"ఆగండాగండి. ఆర్పమని వచ్చింది మీరే కదండీ?"

"నేనే."

"'ఎట్టాగైనా ఆర్పు సాహెబూ, దాన్ని చూస్తుంటే అన్నం సయించట్లేదు' అన్నది మీరే?"

"అన్నాన్లేవయ్యా. ఇప్పుడు ఆరిపోయాక అసలే సయించట్లేదు. వెలిగించు."

"నేను షెడ్డు పెట్టినకాడ్నుంచీ లైటు ఆర్పమని వచ్చినోళ్ళే గానీ, వెలిగించమని వచ్చినోళ్ళు లేరండీ. టీ తాగుతారా?"

"టీ వద్దు. ఎంతసేపు పని?"

"పనిదేముందండీ. నేను కట్టిన వైరు తెంపితే చాలు. కానీ…"

"కానీ ఏంది?"

"కానీ ఏం లేదు. టీ చెప్తా ఉండండి."

"టీ వద్దన్నానా! జయపాల్ వచ్చేస్తాడు, మధ్యాహ్నానికల్లా బండి తీసకపోతాడు. ఈలోపు అది వెలగాలి."

"ఏ జయపాల్? ప్రేమదాసు కొడుకా? బళ్ళో మాస్టారు?"

"ఆ, వాడే. బండి వాడికమ్మేశా."

"అమ్మేశారా! 'పొలానికీ ఇంటికీ నేనే నడుపుకుంటా సాహెబూ, ఎవరికిస్తాను' అన్నారు కదండీ నాతో?"

"అప్పుడట్టాగే అనుకున్నా."

"అనుకున్నారా?"

"అనుకున్నానయ్యా! … సగం అనుకున్నా."

"మరి మిగతా సగం?"

"ఏందయ్యా నువ్వు, పోలీసోడిలాగ! మిగతా సగం అమ్మేద్దామనే అనుకున్నా. చాలా? ఇప్పుడు వైరు తెంపు."

"వైరెందుకండీ. మాస్టారు రాగానే మీరే చెప్పేయండి. 'నాయనా, ఈ బండి దేన్నన్నా గుద్దితే ఎయిర్ బ్యాగులు విచ్చుకోవు, ఆ సంగతి చెప్పే లైటుని సాహెబ్ చేత ఆర్పించా' అని."

"చెప్పలేక కదా నీ దగ్గరికొచ్చింది! నోరు పెగలట్లేదు. అదే లైటు వెలుగుతుంటే వాడే చూస్తాడు. చూసి వాడే అడుగుతాడు. అడిగితే చెప్తా."

"అడిగితే చెప్తారా?"

"అడిగితే… చెప్పక చస్తానా."

"అంటే మీ నోటితో చెప్పలేనిది ఆ లైటు చెప్పాలి."

"ఎగతాళిగా ఉంది కదూ నీకు."

"ఎగతాళి చేసే మొహమేనాండీ నాది."

"ప్రేమదాసు కూడా వచ్చాడయ్యా బండి చూడ్డానికి. కొడుకుతో పాటు. ప్రేమదాసు జీవితమంతా మా మిరప చేలోనే గడిచింది. జయపాల్ చదువుకున్నోడు కదా, 'ఓసారి గుంటూరు షోరూములో చూపించుకుని తీసుకుంటా సార్' అన్నాడు. న్యాయమే కదా?"

"న్యాయమే."

"ప్రేమదాసు కసిరాడు వాణ్ణి. నా ముందే. 'లక్ష్మీకాంత్ బాబు బండికి చూపించుకునేదేందిరా, సిగ్గులేదూ? ఆయన ఒక మాట అంటే అదే రాత' అని. బానెట్టు మీద చెయ్యేసి నిమురుతున్నాడు, ఎద్దుని నిమిరినట్టు. నాకు తల తీసేసినట్టయింది."

"అయినా నోరు తెరవలేదు."

"తెరిచా."

"ఏమన్నారు?"

"కాఫీ తాగుతారా అన్నా."

"హు."

"నవ్వకు."

"నవ్వట్లేదండీ. నేనూ ఇందాకట్నుంచీ టీ టీ అంటున్నా కదా, అందుకని."

"నువ్వెందుకంటున్నావు?"

"ఊరికే. … అది సరే, ఆ పెట్టె ఎందుకు పాడైందో చెప్పారా ప్రేమదాసుకి? బ్యాగుల్ని పేల్చే పెట్టె?"

"అదొకటా మళ్ళీ! మా ఇంటిదాని ఘనకార్యం చెప్పుకుంటానా ఊళ్ళో?"

"శివపార్వతి గారిని అంటారేం. చల్లమంది మీరు."

"చల్లమంది నేనే. పత్తికి రేటు లేదని కొట్టంలో నిలవేశాం, ఎలకలు చేరాయి. పత్తిలో ఉన్నది చాలక కార్లో కాపురం పెట్టాయి. వైర్లు కొరకడం, నువ్వు అతకడం, అవి కొరకడం. సీట్ల కింద కారం చల్లితే ఎలక రాదే అన్నా. మిరప పండించేవాడికి ఇంకేం తోస్తుంది?"

"కారం చల్లితే ఏం కాదండీ. ఆవిడ చల్లింది ఊరగాయ కారం."

"మిగిలిపోయిన పాతది, పారబోయడమెందుకని చల్లింది. ఉప్పు కలిపి కొట్టించిన కారం. నాకేం తెలుసు?"

"ఉప్పు వానాకాలం తేమంతా లాగింది. ఆ పెట్టె సరిగ్గా సీట్ల మధ్య కిందే ఉంది. పిన్నులన్నీ తుప్పు. నేను మ్యాటు ఎత్తగానే తుమ్ములు. ఆ రోజంతా కళ్ళు మండాయి నాకు."

"ఎలకలు మాత్రం రాలేదు."

"రాలేదు. బ్యాగులూ రావు."

"ఒరేయ్ నాయనా! పొడవకు. ఇప్పటికే పొద్దున్నుంచీ నన్ను నేను పొడుచుకుంటున్నా."

"మీ ఒక్కరి తప్పా అండీ. పిన్నులే కదా తుప్పు పట్టింది, పెట్టె విప్పనిస్తే గీకి, కొత్త పిన్నులు అతికించేవాణ్ణి. విప్పడానికి స్క్రూలే ఉంటేగా! చుట్టూ అతికించేశారు."

"షోరూములో ఆ కుర్రాడూ అదే అన్నాడు. 'ఇది విప్పేది కాదు సార్, మార్చేదే.' సరే, మార్చవయ్యా అన్నా. 'ఈ మోడల్ ఆపేశారు సార్, ఆ పెట్టె తయారీ లేదు.' పాతసామాన్లలో దొరికితే తెచ్చిస్తా, పెట్టు అన్నా. 'ఇంకో బండి పెట్టె ఈ బండిలో పనిచెయ్యదు సార్, కంప్యూటర్లో లాక్ ఉంటుంది.' మరి నన్నేం చెయ్యమంటావురా అన్నా. ఏమన్నాడో తెలుసా?"

"కొత్తది కొనుక్కోండి అన్నాడు."

"నీకెట్టా తెలుసు?"

"అందరికీ అదే అంటారు. మీరు చెప్పక్కర్లా."

"ఇంజను చూడవయ్యా. దించి చూసింది నువ్వే. ఏమన్నా ఉందా దాన్లో వంక?"

"పిల్లాడిలాగుందండీ ఇంజను. బాడీకి చుక్క తుప్పు లేదు. ఇంకో పదేళ్ళు ఢోకా లేదు."

"టిఫిన్ డబ్బా అంత పెట్టె కోసం ఇంత బండిని తుక్కుకెయ్యమంటాడేందయ్యా! నాకు మండింది. మండి నీ దగ్గరికొచ్చా."

"నా దగ్గరికొచ్చి లైటు ఆర్పమన్నారు."

"ఆర్పమన్నా."

"మా నాన్న జీపులు చేసేవాడండీ. ఏది పోతే అది విప్పడం, అరిగితే లేతు మిషను మీద పట్టించడం, దొరక్కపోతే కమ్మరి దగ్గర కొట్టించడం. బండి రోడ్డెక్కేది. ఇప్పుడు నాకేం మిగిల్చారు? విప్పనివ్వరు, సామాను ఇవ్వరు, తాళం వాళ్ళ కంప్యూటర్లో. వచ్చినాయన మాత్రం 'ఏదో ఒకటి చెయ్యి సాహెబూ' అంటాడు. బాగుచెయ్యలేను. బాగున్నట్టు కనపడేట్టు చెయ్యగలను. అదీ నా పని ఇప్పుడు."

"అట్టా అనకు."

"ఉన్నమాటేగా. తాళం తిప్పగానే పక్క లైటుతో పాటు వెలిగి, దాంతో పాటే ఆరిపోయేట్టు కట్టా. చూసినోడు, అబ్బ, అన్నీ సరిగ్గా ఉన్నాయనుకుంటాడు. మంచి పనితనం. నా మొహానికి."

ఫోను మోగింది. పేరు చూసి లక్ష్మీకాంత్ దాన్ని వేడి గిన్నెలా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"జయపాల్."

"ఎత్తండి. స్పీకర్లో పెట్టండి, నేనూ వింటా. ఇదే మంచి అదను. చెప్పేయండి."

"చెప్తా. చెప్పేస్తా. … హలో, జయపాలూ!"

"నమస్తే సార్. చర్చిలో ఉన్నాం, ఆరాధన అవ్వగానే వచ్చేస్తాం సార్. అందరం కలిసే వస్తున్నాం. బండి తీసుకుని అట్నుంచటే గుంటూరు, మా ఆవిడ హెలెన్ వాళ్ళ పుట్టింటికి. బాబుకి అక్కడ పేరు పెట్టి ప్రార్థన చేయించాలని."

"ఇవాళే వెళ్తారా?"

"ఇవాళే సార్. మా అమ్మ పొద్దున్నే చీర కట్టుకుని కూర్చుంది. బాబుని ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో తనే కూర్చుంటదంట, ఒకటే పట్టు."

"ముందు సీట్లోనా? పుల్లమ్మా? బాబుతోనా?"

"అవున్సార్."

"వద్దు! ముందొద్దు. వెనక కూర్చోమను."

"ఎందుకు సార్?"

"అదీ… ఎందుకంటే జయపాలూ… ఈ బండికి…"

"చెప్పండి సార్."

"ఎండ. ముందు ఎండ కొడుతుంది. పసిబిడ్డ కదా."

"అదా సార్! సరే సార్, వెనకే కూర్చోమంటా. చూశావా నాన్నా, సారు ఎంత ఆలోచిస్తారో. … సార్, మా నాన్న పాస్టరు గారితో చెప్పి మీ కుటుంబం కోసం కూడా ప్రార్థన చేయించాడు. చెప్పమంటున్నాడు."

"… నాకెందుకురా."

"అదేంది సార్ అట్టా అంటారు. ఉంటా సార్."

"జయపాలూ, ఒక్క నిమిషం—"

"పెట్టేశాడండీ."

"పెట్టేశాడు."

"ఎండంట."

"చెప్పబోయా సాహెబూ. గొంతుదాకా వచ్చింది."

"విన్నా."

"నా కోసం ప్రార్థన చేయించాడంట. చెప్పు తీసుకుని కొట్టినా బావుండేది. ఆ ముసలమ్మ ఒళ్ళో పసిగుడ్డు… ఛీ, ఏం బతుకయ్యా! తెంపు. ఇక మాటలొద్దు, తెంపు ఆ వైరు."

"తెంపుతా. కానీ ఒక్కమాట."

"మళ్ళీ కానీనా!"

"లైటు వెలిగితే మాస్టారు అడుగుతాడు. మొన్న చూసినప్పుడు ఎందుకు వెలగలేదంటాడు. సాహెబ్ ఆర్పాడంటారు మీరు."

"నీ పేరు చెప్పన్లే. నేనే ఆర్పానంటా."

"నా పేరు చెప్పినా నాకేం బాధ లేదండీ. అక్కడితో ఆగదు, అదీ సంగతి. మాస్టారు బళ్ళో చెప్తాడు, ప్రేమదాసు టీకొట్లో చెప్తాడు. రేప్పొద్దున ఊళ్ళో ప్రతివాడూ తన బండి తెచ్చి 'నాదీ చూడు సాహెబూ, నాది నిజంగా వెలగట్లేదా, లేక ఆర్పావా' అంటాడు."

"అంటే అననీ. నువ్వు ఆర్పింది నాదొక్కటేగా."

"… టీ చల్లారిపోతది, తెప్పిస్తానుండండి."

"టీ ఇంకా చెప్పనేలేదు నువ్వు! సాహెబూ. ఇటు చూడు. నాదొక్కటేనా?"

"కాదండీ."

"ఎన్ని?"

"లెక్కపెడితే షెడ్డు తియ్యలేను."

"నీ దుంప తెగ! ఎవరెవరివి?"

"అడక్కండి. ఎవరన్నా ఒకటే. అందరికీ మీ కథే. ఒకాయన బండి వరదలో మునిగింది, ఒకాయన బండి ఇంతకుముందు ఎక్కడో గుద్దింది, బ్యాగులు పేలిపోయాయి, కొత్తవి పెట్టించలేదు. సామాను దొరకదు, దొరికినా పెట్టుకోలేరు. ఆ లైటుంటే అమ్ముడుపోదు. 'ఆర్పు సాహెబూ.' ఆర్పడం నేర్చుకున్నా."

"ఆ కొనుక్కున్నోళ్ళకి తెలుసా?"

"ఆర్పించినోళ్ళకి తెలుసు. కొనుక్కున్నోళ్ళకి ఎట్టా తెలుస్తది?"

"అయ్యో! అంతమంది… నువ్వు రోజూ చూస్తుంటావేమో కదయ్యా వాళ్ళని?"

"ఈ రోడ్డు మీదే కదండీ తిరుగుతారు. సాయంత్రం బయట నిలబడతానా, వస్తుంటాయి. ఇదొకటి, అదొకటి. నాకు దూరాన్నుంచే తెలిసిపోతది. పిల్లలు ముందు సీట్లో నిలబడి 'సాహెబ్ తాతా' అని చేతులూపుతారు. నేను మొహం అటు తిప్పుకుంటా. మా ఇంటావిడ కరీమున్ అడిగింది, 'ఆ పిల్లలు పిలుస్తుంటే పలకవేందయ్యా, అంత గర్వమా' అని. గర్వమంట."

"చెప్పొచ్చు కదా ఒక్కొక్కరికీ! ఇంతమంది ప్రాణాలు పెట్టుకుని ఎట్టా ఉన్నావయ్యా నోరు మూసుకుని?"

"మీరు ఒక్కడికి చెప్పలేక ఎండ అన్నారు. నేను ఎంతమందికి ఏమని చెప్పేది?"

"సరిగ్గానే అన్నావు. మనిద్దరం ఒకటే."

"ఒకటేనండీ."

"ఒకటే అయితే కానియ్యి. ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా. తెంపు. ప్రేమదాసు వాళ్ళు రాగానే నేనే చెప్తా. లైటు కోసం చూడను. బండి వద్దంటే వద్దు. వాళ్ళని గుంటూరుకి నేనే వేరే బండి మాట్లాడి పంపిస్తా. ప్రేమదాసు నా మొహాన ఉమ్మేస్తే తుడుచుకుంటా."

"ఉమ్మడండీ ప్రేమదాసు. ఏమీ అనడు. అదే కష్టం."

"తెలుసు. నాకు తెలీదా వాడి సంగతి. కటింగ్ ప్లేరు ఎక్కడుంది నీది? ఇటియ్యి, నువ్వు తెంపకపోతే నేనే తెంపుతా."

"ఏది తెంపాలో మీకేం తెలుసు, జరగండి. … ఆ టార్చి ఇట్టా పట్టుకోండి. ఇంకాస్త కింద. ఇదిగో. ఇదీ నా పనితనం. … అయిపోయింది. తాళం తిప్పండి."

లక్ష్మీకాంత్ తాళం తిప్పాడు. లైట్లన్నీ వెలిగాయి, ఒక్కొక్కటే ఆరాయి. ఎర్రది ఆరలేదు.

"వెలుగుతోంది సాహెబూ."

"వెలుగుతోంది."

"అబ్బా. గుండెల మీంచి బస్తా దించినట్టుందయ్యా. ఇప్పుడు చెప్పగలను. ఇప్పుడే చెప్పగలను, వాడు వచ్చేదాకా ఎందుకు, ఫోన్లోనే చెప్పేస్తా. నువ్వూ చెప్పెయ్యి సాహెబూ, నేను తోడొస్తా, ఇద్దరం కలిసి ఒక్కో ఇంటికీ పోదాం. తిట్లు సగం సగం పంచుకుందాం. ఏందయ్యా, అట్టా అయిపోయావేంది? ఇంకా భయమేనా?"

"అది కాదండీ. పొద్దున మిమ్మల్ని ఇక్కడ ఎవరో దింపిపోయారు చూడండి. తెల్లబండి."

"ఆ, మా బావమరిది, ప్రేమ్‌చంద్. శివపార్వతి తమ్ముడు."

"ఆ బండి ఆయనదేనా? అద్దెదేమో అనుకున్నా."

"వాడిదే. దసరాకి కొన్నాడు. పాతదే అనుకో, కానీ నీటుగా ఉంది. పత్తి మిల్లు మేనేజరు లేడూ, ఆయన వాడిన బండి."

"మిల్లు మేనేజరు గారిదా."

"ఆ. ఏ లైటూ వెలగదు, నీ డొక్కు బండిలాగ కాదు బావా అని నన్ను ఏడిపిస్తుంటాడు."

"… ఇప్పుడు ఎక్కడున్నారండీ ఆయన?"

"గుంటూరు రోడ్డులో ఉండుంటారు. మా పాప దుర్గని తీసుకెళ్తున్నాడు, దాని పుట్టినరోజుకి మేనమామ బట్టలు కొనిపెడతాడంట. ముందు సీటు కాకపోతే ఎక్కనంటది అది. నేను ముందు కూర్చునొచ్చానని దోవంతా సణుగుతూనే ఉంది, నేను దిగీ దిగగానే గెంతి ముందుకొచ్చేసింది."

"చూశా."

"చూశావా? నీకు చెయ్యి కూడా ఊపింది. నువ్వు చూసుకోలేదనుకున్నా, అటు తిరిగి ఏదో వెతుక్కుంటుంటే."

"ఫోను తియ్యండి లక్ష్మీకాంత్ గారూ."

"తీస్తున్నాగా. జయపాల్‌కే చేస్తున్నా."

"జయపాల్‌కి తర్వాత. ఆయన బండి ఇక్కడే ఉంది, దానికేం కాదు. ముందు మీ బావమరిదికి చెయ్యండి. బండి పక్కన ఆపి, పాపని వెనక సీట్లో కూర్చోబెట్టమనండి."